పాపం, ఆ జడ్జీల తప్పేముంది?

గొప్పవాళ్ల జీవిత చరిత్రలు రాసేవాళ్లకి ఒక చెడ్డ అలవాటుంది. హీరోని ఫెయిల్ చేసిన ప్రతివాణ్నీ విలన్ని చేసేస్తారు. ఫ్రెంచి చిత్రకారుడు జాక్ లూయీ దావీద్ కథలో ఆ నింద మోస్తున్నది పారిస్‌లోని రాయల్ అకాడమీ, అంటే రాజుగారి చిత్రకళా సంస్థ. ప్రాచీన గ్రీకు, రోమన్ కళని ఆదర్శంగా పెట్టుకున్న నియోక్లాసికల్ చిత్రకళకే పెద్దదిక్కయినవాణ్ని, రోమ్ ప్రైజు అనే తమ పోటీలో వరసగా మూడేళ్లు తిప్పి పంపారట! పంపరా మరి? కుర్రాడి రికార్డు ఒకసారి చూడండి.

1748లో పుట్టాడు. తొమ్మిదేళ్లకే తండ్రి ద్వంద్వయుద్ధంలో పోయాడు. పెంచింది తల్లి తరఫు బంధువులు. వాళ్లు ఆర్కిటెక్టులు, వీణ్ని కూడా ఆర్కిటెక్టునే చేద్దామనుకున్నారు. వీడేమో క్లాసులో మాస్టారి కుర్చీ వెనక నక్కి, పాఠం అయ్యేదాకా బొమ్మలు గీసుకునే రకం. కత్తిసాములో బుగ్గకి గాయమై, అక్కడ కణితి పెరిగి, మాట కూడా సరిగ్గా పలికేది కాదు. ఇంట్లోవాళ్లు ఇక లాభం లేదని దూరపు చుట్టం బూషే దగ్గరికి పంపారు. ఆయన సాక్షాత్తూ రాజుగారి ప్రథమ చిత్రకారుడు. ముసలాయన తెలివిగా వీణ్ని వియెన్ అనే ఇంకో గురువుకి అప్పగించి చేతులు దులుపుకున్నాడు.

రోమ్ ప్రైజు అంటే మాటలా? గెలిస్తే రాజుగారి ఖర్చు మీద ఏళ్ల తరబడి రోమ్‌లో ఉండి చదువుకోవచ్చు. అభ్యర్థిని విడిగా ఒక గదిలో పెట్టి, ఇచ్చిన సబ్జెక్టు మీద బొమ్మ వేయిస్తారు. 1771లో మినర్వా, మార్స్ యుద్ధం వేస్తే దావీద్‌కి రెండో బహుమతి వచ్చింది. మొదటిది సువే అనే అతనికి. నిజం చెప్పాలంటే ఆ బొమ్మలో మబ్బులూ, ఎగిరే బట్టలూ అన్నీ బూషేగారి స్టైలే. 1772లో అదీ రాలేదు. దాంతో అబ్బాయిగారు తలుపేసుకుని నిరాహారదీక్షకి దిగారు. రెండున్నర రోజులు! చివరికి డువాయెన్ అనే పెద్ద చిత్రకారుడే వచ్చి బతిమాలాల్సొచ్చింది. ఫలితాలు నచ్చని ప్రతి కుర్రాడింటికీ ఇలా పెద్దవాళ్లు వెళ్తే ఇక పరీక్షలెవరు పెడతారండీ? 1773లో సెనెకా మరణం వేశాడు. ప్రైజు పేరన్ కొట్టుకుపోయాడు.

1774లో ఇచ్చిన సబ్జెక్టేమిటో తెలుసా? సవతి తల్లి మీద మనసుపడి, ఎవరికీ చెప్పుకోలేక, తిండి మానేసి మంచంపట్టిన రాజకుమారుడు ఆంటియోకస్. వైద్యుడు వచ్చి అసలు జబ్బు కనిపెట్టే సీను. అనుభవమున్న అభ్యర్థికి అనుభవమున్న సబ్జెక్టు పడింది. ప్రైజు ఇచ్చేశారు.

ఇంతా చేసి, రోమ్‌కి బయల్దేరే ముందు అయ్యగారి స్టేట్‌మెంటు: ప్రాచీన శిల్పాల్లో జీవం లేదు, అవి నన్ను ఆకర్షించలేవు! 1775లో వియెన్ వెంట వెళ్లి, 1780 దాకా అక్కడే కూర్చుని, ఆ జీవం లేని రాళ్లనే చూసి చూసి స్కెచ్ బుక్కులు నింపాడు. తర్వాత పేరు తెచ్చిపెట్టింది ఆ రాళ్లే. పంపిన అకాడమీకి మాత్రం థాంక్స్ లేదు. 1793లో ఆయన ఫ్రెంచి విప్లవ ప్రభుత్వంలో సభ్యుడిగా ఉండి, ఏకంగా ఆ అకాడమీనే రద్దు చేయించాడు.

అన్నట్టు 1771లో మొదటి బహుమతి కొట్టిన సువే 1794లో సెయింట్ లజార్ జైల్లో ఉన్నాడు. అప్పటికి దావీద్, అరెస్టులు చూసుకునే కమిటీలో మెంబరు. ఈ రెండిటికీ సంబంధం అంటగట్టడం నాకిష్టం లేదు.