గోడ మూసేముందు లోపల ఏముందో రాసిపెట్టండి

పాత ఇంటి గోడ పగలగొట్టి, లోపల కనిపించినదాన్ని ఫోటో తీసి "ఎలా కట్టారో చూడండి" అంటూ నవ్వుకునే పోస్టులు ఈమధ్య తెగ కనిపిస్తున్నాయి. గారలో జంతువుల వెంట్రుకలు, పైకప్పు సందుల్లో పాత పేపర్లు, ఇటుకలు ఉండాల్సిన చోట సీసాలు. కింద కామెంట్లలో అందరూ ఆ పాత మేస్త్రీని తిట్టేవాళ్లే. నాకు అవి చదివితే బాధేస్తుంది. తిట్టాల్సినవాళ్లను వదిలేసి, దండం పెట్టాల్సినవాళ్లను తిడుతున్నాం.

వెంట్రుకల సంగతే తీసుకోండి. సున్నపు గార ఆరేటప్పుడు కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. అందుకని ఆవు, మేక, గుర్రం వెంట్రుకలు అందులో కలిపేవారు. అవి గారను లోపల్నుంచి పట్టి ఉంచుతాయి. ఇవాళ కాంక్రీటులో స్టీలు పీచు, ప్లాస్టిక్ పీచు కలిపేదీ పగుళ్లు ఆపడానికే. అప్పుడు చేస్తే చవకబారు పని, ఇప్పుడు చేస్తే టెక్నాలజీనా?

డెన్మార్క్‌లో లేసో అని ఒక దీవి ఉంది. ఉప్పు కాయడానికి చెట్లన్నీ నరికి కాల్చేయడంతో అక్కడ అడవి అయిపోయింది. ఇళ్లకు కలప లేదు. అక్కడివాళ్లు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల చెక్కలతో ఇళ్లు నిలబెట్టి, సముద్రపు గడ్డిని మెలిపెట్టి మందంగా కప్పు వేసుకున్నారు. ఉప్పు పట్టిన ఆ గడ్డి తొందరగా కుళ్లదు. వందేళ్లు దాటిన కప్పులు ఇప్పటికీ ఉన్నాయి. అమెరికాలో నెవాడా ఎడారిలోని రయొలైట్ అనే గనుల ఊళ్లో కూడా కలపకు కరువే. టామ్ కెల్లీ అనే ఆయన 1906లో దాదాపు 50,000 ఖాళీ సీసాలతో ఇల్లు కట్టేశాడు. అదింకా నిలబడే ఉంది. వీళ్లెవరూ ఏమీ దాచలేదు. చేతికి దొరికినదాని గుణం తెలుసుకుని వాడుకున్నారు, అంతే.

నా కోపమంతా దాచిపెట్టే పనుల మీద. మేముంటున్నది పాత ఇల్లు. కొన్నాళ్లుగా బాత్రూమ్‌లో కుళాయి పట్టుకుంటే చేతికి జివ్వుమనేది. గీజర్ కాయిల్ పాడై కరెంటు లీకవుతోందని తేలింది. కానీ లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ వైరు ఉండగా అలా ఎందుకవుతుంది? గోడ తవ్వించాం. ఎర్త్ వైరును తీసుకెళ్లి నీళ్ల ఇనుప పైపుకు చుట్టారు. ఒకప్పుడు చాలాచోట్ల అది మామూలు పద్ధతే, ఇనుప పైపు నేరుగా భూమిలోకి వెళ్తుంది కాబట్టి. అయితే ఆ చుట్టిన చోటికి రెండడుగుల కింద, ఎప్పుడో లీకయిన పైపును కోసి పీవీసీ ముక్క అతికించారు. ప్లాస్టిక్ గుండా కరెంటు పోదు. భూమితో సంబంధం అక్కడే తెగిపోయింది. పైన మిగిలిన ఇనుప పైపు, కుళాయి అన్నీ గీజర్ లీకుతో కలిసిపోయాయి. మమ్మల్ని కాపాడాలని కట్టిన వైరే కరెంటును కుళాయిదాకా మోసుకొచ్చింది.

వైరు కట్టిన ఎలక్ట్రీషియన్‌కు తర్వాత పైపు మారుతుందని తెలియదు. పైపు మార్చిన ప్లంబర్‌కు దాని మీద ఎర్త్ ఆధారపడి ఉందని తెలియదు. పైన లప్పం, రంగు వేశాక ఇంట్లోవాళ్లకు ఏదీ తెలియదు. ఆ కుళాయిని మా పిల్లలు రోజూ ముట్టుకున్నారు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి.

ఫ్యూజు మాటిమాటికీ పోతోందని మందపాటి రాగి తీగ చుట్టేస్తారు చూడండి, అదీ ఇదే జాతి. పాత అమెరికన్ ఇళ్లలో ఫ్యూజు వెనక పెన్నీ నాణెం పెట్టేసేవారు. ఫ్యూజు ఉన్నదే కరగడానికి. అది కరగకపోతే గోడలోని వైరు కాలుతుంది. వెలుగు వచ్చింది కదా అని ఆ పూటకు సంతోషం, ఆ ఇంట్లో తర్వాత నిద్రపోయేవాళ్లకు ప్రమాదం.

పాతదంతా బంగారమని నేననడం లేదు. అమెరికాలో మోంటానాలోని లిబ్బీ గనిలో తవ్విన వర్మిక్యులైట్ అనే ఖనిజాన్ని గుళికలుగా లక్షల ఇళ్ల అటకల్లో వేడి, చలి ఆపడానికి పోశారు. అందులో ఆస్బెస్టాస్ అనే, పీల్చితే ఊపిరితిత్తులను పాడుచేసే పీచు ఖనిజం కలిసి ఉంది. గని 1990లో మూతపడింది కానీ ఆ గుళికలు ఇంకా ఎన్నో అటకల్లో అలాగే ఉన్నాయి. కదపకుండా ఉంటే ఒకెత్తు. అదేమిటో తెలియనివాడు ఫ్యాను బిగిద్దామని పైకెక్కి కెలికితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే పాత ఇల్లు అమ్మేవాళ్లయినా, అద్దెకిచ్చేవాళ్లయినా తమకు తెలిసింది చెప్పి తీరాలి. "వాళ్లే చూసుకుంటారులే" అనడం నా దృష్టిలో మోసమే.

మా బాత్రూమ్‌కు ఇప్పుడు విడిగా ఎర్త్ వైరు లాగించి, మెయిన్‌లో లీకేజీని పట్టి కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించాం. గోడ మూసేముందు టేపు పట్టి ప్రతి పైపు, ప్రతి వైరు నేలనుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి ఫోటోలు తీశాను. ఒక కాగితం మీద బొమ్మ గీసి, తేదీ వేసి, మెయిన్ బోర్డు తలుపు లోపలివైపు అంటించాను. ప్లంబర్ కాసేపు దాన్నే చూస్తూ నిలబడి, "మూల మలుపు దగ్గర గోడలో ఇంకో జాయింటుంది సార్, అది మీరు వేయలేదు" అని పెన్ను తీసుకుని తనే గుర్తు పెట్టాడు.