కన్వర్షన్ పెరిగింది సరే, ఆర్డర్లు ఏవి?

ఈ వారంలో ఒకే మెసేజ్ నాకు నాలుగోసారి వచ్చింది. కాలేజీ గ్రూప్‌లో, కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో, నిన్న మా బావగారి నుంచి కూడా. "మీ సైట్‌లో ఒక్క జావాస్క్రిప్ట్ లైన్ పెట్టండి, అమ్మకాలు రెట్టింపు" అని పైన పెద్ద అక్షరాలు, కింద ఆరు పాయింట్లు. జావాస్క్రిప్ట్ అంటే పేజీ తెరిచినవాళ్ల బ్రౌజర్‌లో నడిచే కోడ్. మావాళ్లలో చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లు చాలామంది. నమ్మి చేసేస్తున్నారు కూడా. అందుకే రాస్తున్నాను.

"గూగుల్ ఆప్టిమైజ్‌లో ఉచితంగా టెస్ట్ పెట్టుకోండి" అట. ఒకే పేజీని రెండు రకాలుగా చేసి, కొందరికి ఒకటి, కొందరికి ఇంకొకటి చూపించి, ఏది బాగా అమ్ముతుందో చూసే టూల్ అది. దాన్ని 2023 సెప్టెంబరు 30న మూసేశారు. "బటన్‌కి ఎర్ర రంగు వేయండి" అన్న దాని దగ్గర నేను ఆగను.

"అనలిటిక్స్ కోడ్ పెడితే వచ్చిన ప్రతి ఒక్కరూ లెక్కలోకి వస్తారు, జావాస్క్రిప్ట్ ఎవరూ ఆపుకోరు." సైట్‌కి ఎవరొచ్చారు, ఏం చేశారని లెక్కపెట్టేదే అనలిటిక్స్; ఆ కోడ్ నడిచేది జావాస్క్రిప్ట్‌తోనే. ఆపుకునేవాళ్లు తక్కువే, నిజం. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం 2013లో లెక్క తీస్తే 1.1 శాతం మందికి జావాస్క్రిప్ట్ అందలేదు. అందులో ఆపుకున్నవాళ్లు, అసలు లేనివాళ్లు కలిపి 0.2 శాతమే. మిగతా 0.9 శాతం మందికి బ్రౌజర్ బాగానే ఉంది, కోడ్ మాత్రం నడవలేదు. సిగ్నల్ మధ్యలో తెగినా, ఆఫీసు ఫైర్‌వాల్ అడ్డుపడ్డా ఇంతే. పైగా ప్రకటనల్ని ఆపే యాడ్ బ్లాకర్లు చాలావరకు ఈ లెక్కపెట్టే కోడ్‌నీ ఆపేస్తాయి. ఐఫోన్‌లో ఉండే బ్రౌజర్ సఫారీ అయితే 2019 నుంచి జావాస్క్రిప్ట్ పెట్టిన కుకీని (వచ్చిన మనిషిని మళ్లీ గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తుని) ఏడు రోజులకు మించి ఉంచడం లేదు. ఐఫోన్‌లో చూసి, పది రోజులకు మళ్లీ వచ్చి కొన్న మనిషి మీ లెక్కలో కొత్త మనిషి.

నాకు ఒళ్లు మండింది దీని తర్వాతి మాటకి. "స్క్రిప్ట్ వల్ల స్పీడ్ తగ్గదు, కన్వర్షన్ రేట్ పెరగడమే దానికి రుజువు." కన్వర్షన్ రేట్ అంటే వచ్చినవాళ్లలో కొన్నవాళ్ల శాతం.

మా స్నేహితుడొకడు ఆన్‌లైన్‌లో పోచంపల్లి చీరలు అమ్ముతాడు. టెస్టింగ్ టూల్ పెట్టాక కన్వర్షన్ పెరిగిందని సంబరపడ్డాడు. ఆర్డర్ల సంగతి అడిగితే "కొంచెం డల్‌గా ఉన్నాయిరా" అన్నాడు. నారాయణగూడలో వాడి షాపుకెళ్లి, ప్యాకింగ్ చేసే కుర్రాడి పాత ఫోన్ తీసుకుని సైట్ తెరిచాను. తెల్ల తెర. గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాం. నాలుగు సెకన్లు దాటాక గానీ చీర కనపడలేదు. "నేనైతే ఎప్పుడో బ్యాక్ కొడుతుంటి అన్నా" అన్నాడు కుర్రాడు.

ఈ టూల్స్ బ్రౌజర్‌లోనే పేజీని మారుస్తాయి. పాత పేజీ ఒక్క క్షణం కనపడి మారిపోతే బాగోదని, మార్పు పూర్తయ్యేదాకా మొత్తం పేజీని దాచేస్తాయి. ఆప్టిమైజ్ ఉన్న రోజుల్లో ఆ దాచే కోడ్‌కి మామూలుగా ఇచ్చిన గడువే 4 సెకన్లు. పేజీలో ముఖ్యభాగం 2.5 సెకన్లలోపు కనపడాలని చెప్పేది కూడా గూగులే.

విసిగి వెళ్లిపోయేవాడు చాలాసార్లు అనలిటిక్స్ కోడ్ నడిచేలోపే వెళ్లిపోతాడు. లెక్కలోనే పడడు. 1000 మంది వచ్చి 20 మంది కొంటే 2 శాతం. టూల్ పెట్టాక 400 మంది తెల్ల తెర చూసి, లెక్కలో పడకముందే పోయారనుకుందాం. మిగిలిన 600లో 18 మంది కొంటే 3 శాతం. డ్యాష్‌బోర్డ్‌లో ఆకుపచ్చ బాణం పైకి, గల్లాపెట్టెలో రెండు చీరల డబ్బు కిందికి. పోయినవాళ్లెవరు? పాత ఫోన్, సన్న సిగ్నల్ ఉన్నవాళ్లు. గుమ్మం దగ్గరే జనాన్ని నెట్టేసి, లోపలికొచ్చినవాళ్లు బాగా కొంటున్నారని చెప్పుకోవడం ఏం వ్యాపారం? దీన్ని రుజువంటూ పంచిపెట్టడానికి మనసెలా ఒప్పుతోంది?

"రెండు రోజుల్లో ఏది ముందుంటే అది ఖాయం చేయండి" అన్నదీ ఇలాంటిదే. రోజూ తొంగిచూసి, ముందున్న రోజు ఆపేస్తే, ఏ తేడా లేని రెండు పేజీల్లోనూ ఒకటి గెలిచినట్టే ఉంటుంది. ఎంతమందిని చూడాలో ముందే రాసుకోండి, పూర్తి వారాలు నడపండి. సగం సగం పంచమంటే ఒకవైపు 5000, ఇంకోవైపు 4600 పడ్డాయా? ఆ టెస్ట్ పారేయండి. కోడ్ ఎక్కడో కొందరిని మింగుతోంది.

ఆరో పాయింట్ ఒప్పుకుంటాను: "మీ అభిరుచిని నమ్మకండి, పరీక్షించండి." ఆ చీరల పేజీలో ఫోటో పెద్దగా పైన, ధర కింద ఉండాలని గట్టిగా వాదించింది నేనే. టూల్ తీసేసి, రెండు రకాల పేజీలూ బ్రౌజర్‌లో మార్చకుండా, సర్వర్ (సైట్ ఉండే కంప్యూటర్) నుంచే సిద్ధంగా పంపి, మూడు వారాలు చూశాం. ధర పైనున్న పేజీకే ఆర్డర్లు ఎక్కువ. నేను చెప్పింది తప్పు. ఆ లెక్క డ్యాష్‌బోర్డ్‌ది కాదు, డబ్బు కట్టిన ఆర్డర్లది. కుర్రాడి ఫోన్‌లో ఇప్పుడు చీర రెండో సెకనుకే కనపడుతోంది.