బోర్డర్‌లైనే కదా!

"షుగర్ లేదట, బోర్డర్‌లైనేనట." రిపోర్టు చేతికొచ్చాక ఇంట్లో మనం చెప్పే మొదటి మాట ఇది. మూడేళ్ల కిందట నేనూ ఇదే చెప్పాను. అప్పుడు, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే నా హెచ్‌బీఏ1సీ 6.1. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత ఏడాదిపాటు నేను ఆ కాగితం వంక చూడలేదు.

నా పోట్లాట ఆ మాటతోనే. బోర్డర్‌లైన్ అనగానే ఇంకా గడప దాటలేదనిపిస్తుంది. కానీ హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా, పరగడుపు షుగర్ 100 నుంచి 125 దాకా ఉందంటే, ఇన్సులిన్ మాట ఒళ్లు సరిగ్గా వినడం లేదని, ఇన్సులిన్ తయారుచేసే క్లోమం అదనపు చాకిరీ చేసి నెట్టుకొస్తోందని అర్థం. మామూలుగా నొప్పీ ఉండదు, నీరసమూ ఉండదు. అందుకే టెన్షన్ కూడా ఉండదు.

కాస్త భయం పట్టుకున్నవాళ్లు అడిగే ప్రశ్న మరొకటుంది: ఏం తినకూడదు? నాకైతే ఈ ప్రశ్నే దారి తప్పిస్తుందనిపిస్తుంది. తెల్లన్నం మానేసి ముడిబియ్యం, గోధుమలు మానేసి ఇంకో ధాన్యం. పళ్లెంలో సరుకు మారుతుంది గానీ రాశి మారదు. ముడిబియ్యంలో పీచు ఎక్కువే, అందులోనూ పిండిపదార్థం మాత్రం దండిగానే ఉంటుంది. ఎంత మంచి ధాన్యమైనా మెత్తగా పిండి పట్టిస్తే తొందరగా అరిగి, షుగర్ అంత తొందరగానూ పెరుగుతుంది.

ఒకరోజు వంటింటి త్రాసు మీద నా 'కొంచెం అన్నం' పెట్టి చూశాను. 330 గ్రాములు! వండిన అన్నం 160 గ్రాముల్లో పిండిపదార్థం సుమారు 45 గ్రాములు. అంటే నా కొంచెంలో 90 పైమాటే. ఇప్పుడు సగం తగ్గించాను. ఆ చోటులోకి కూర, పప్పు వచ్చాయి. అవి ముందు తిని అన్నం చివర్లో తింటే భోజనం తర్వాత షుగర్ ఎగబాకడం తగ్గుతుంది. అదే భోజనం, వరుస మారిందంతే.

ఇంకో ప్రయోగం చేశాను. ఒకే భోజనం రెండు రోజులు. మొదటిరోజు తిన్నాక టీవీ ముందు కూర్చున్నాను. గంట తర్వాత వేలు గుచ్చి చూస్తే 182. రెండోరోజు చెయ్యి కడిగిన వెంటనే 15 నిమిషాలు నడిచాను. 148. ఒక్క మనిషి రెండు రోజుల లెక్క శాస్త్రం కాదని తెలుసు. అయినా కారణం మాత్రం శాస్త్రమే: పనిలో ఉన్న కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే రక్తంలోని గ్లూకోజును లాక్కుంటుంది.

ఉదయం పూట లెక్క మాత్రం చాలాకాలం నాకు అంతుపట్టలేదు. రాత్రి ఏమీ తినకుండా పడుకున్నా పొద్దున 110. తెల్లవారుజామున కాలేయం తన నిల్వలోంచి గ్లూకోజు వదులుతుందట. అది తెలిశాక, పస్తులుండి సాధించేదేమీ లేదని మానేశాను.

ఇదంతా పనిచేస్తుందా అంటే, అమెరికాలో డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ పేరుతో 3,234 మందితో జరిగిన పరిశోధన ఫలితాలు 2002లోనే వచ్చాయి. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడకలాంటి వ్యాయామం, ఇవీ ఒక గుంపుకి పెట్టిన లక్ష్యాలు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే, సుమారు మూడేళ్లలో ఆ గుంపులో షుగర్ జబ్బు రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడినవాళ్లలో 31 శాతం. 80 కిలోల మనిషికి 7 శాతమంటే ఐదున్నర కిలోలు. మాత్ర అక్కర్లేదని కాదు, కొందరికి కావాలి. అది డాక్టరు తేల్చాల్సిన విషయం. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ తప్పుగా చూపించవచ్చు కాబట్టి అదీ ఆయన్నే అడగండి.

ఒక్క విన్నపం. ఇంట్లో ఒకరికి 'పథ్యం' అని వేరే గిన్నె పెట్టకండి. ఆ గిన్నె నెల తిరక్కుండానే అటకెక్కుతుంది. మా ఇంట్లో అందరిదీ ఇప్పుడు ఒకే వంట. మొదట్లో పిల్లలు సణిగారు, ఇప్పుడు సణగడం మర్చిపోయారు.

పోయిన నెల రిపోర్టులో 5.7. లెక్క ప్రకారం ఇంకా బోర్డర్‌లైనే. ఏమొచ్చిందని ఇంట్లో అడిగితే ఈసారి ఆ మాట అనలేదు, అంకె చెప్పాను.