రాయి దొరకని సీమకు రాళ్ల చదువు

కోనసీమలో కుక్కను అదిలించడానికి రాయి వెతికితే దొరకదు. దొరికితే అది ఎవరో లారీలో తెప్పించుకున్న కంకర. రోడ్డుకో, ఇంటి పునాదికో పైనుంచి దిగిన రాయే తప్ప ఈ నేలలో పుట్టింది ఒక్కటీ కనపడదు. అందుకేనేమో, రాళ్లనూ ఖనిజాలనూ చదివే శాస్త్రం మనది కాదని డెల్టా జిల్లాలు ఎప్పుడో తీర్మానించుకున్నాయి. ఆ తీర్మానం తప్పు. అందులోనూ ఖరీదైన తప్పు. భూగర్భ శాస్త్రం అత్యవసరంగా చదవాల్సిన ప్రాంతం ఏదంటే నేను ధవళేశ్వరం దిగువన గోదావరి పాయల నడుమనున్న ఈ నేలనే చూపిస్తాను.

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ తంతు ఏటా చూస్తున్నదే, మళ్లీ చెప్పను. కంప్యూటర్ సీటు వస్తే స్వీట్లు, రాకపోతే డొనేషన్. డిగ్రీలో జియాలజీ తీసుకుంటానన్న పిల్లవాడికి ఇంట్లో ఎలాంటి మర్యాద జరుగుతుందో అదీ తెలిసిందే.

అంతర్వేది వెళ్లినవాళ్లు నరసింహస్వామి దర్శనం చేసుకుని, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఫొటోలు దిగి తిరుగు బస్సెక్కుతారు. ఈసారి వెళ్తే ఒక పది నిమిషాలు ఇసుకకు ఇవ్వండి. కెరటం వెనక్కి తగ్గాక తడి ఇసుక మీద ఒక నల్లటి చార మిగులుతుంది. మామూలు ఇసుక కన్నా బరువైన రేణువులను అల కడిగి పేర్చిన చార అది. చిటికెడు తెచ్చి ఆరబెట్టి, తెల్ల కాగితం మీద పోసి అయస్కాంతం ఆడించండి. కొన్ని రేణువులు చటుక్కున లేచి అంటుకుంటాయి, అవి మాగ్నటైట్. అంటుకోకుండా మిగిలిన నల్లవాటిలో ఇల్మనైట్ ఉంటుంది. గోడలకు వేసే తెల్లరంగులోని టైటానియం డయాక్సైడ్ ఈ నల్ల ఇసుక నుంచే వస్తుందంటే మొదట నేనూ నమ్మలేదు. వాటి మధ్య వంగపండు ఛాయలో మెరిసేది గార్నెట్.

ఆ గార్నెట్ పుట్టిల్లు తూర్పు కనుమలు. అక్కడి ఖోండలైట్ శిలలో పుట్టి, పాపికొండల మీదుగా కొట్టుకువచ్చి ఇక్కడ తేలింది. ఆ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరే ఆ శిలకు పెట్టారు. నల్ల రేణువుల్లో కొన్ని ఇంకా దూరం నుంచి వచ్చాయి. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడుస్తుంది. దాని పరీవాహక ప్రాంతంలో దాదాపు సగం దక్కను లావా నేలే. వేసవిలో కాలు దిగేంతగా బీటలు వారి, తొలకరికి ఉబ్బి గోడలకు పగుళ్లు తెచ్చే మన నల్లమట్టి చాలావరకు ఆ లావా అరిగి వచ్చిన ముద్దే. ఇంత దూరం నుంచి మోసుకొచ్చి గుమ్మంలో పోస్తే, మనకు రాళ్లు లేవంటాం!

అసలు రాయి లేదన్నదే సగం నిజం. రాజమండ్రి పక్కన కాతేరు దగ్గర, అవతలి ఒడ్డున గౌరీపట్నం, దుద్దుకూరు వైపు నల్లరాతి క్వారీలున్నాయి. దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల దిక్కున నేల చీలి పొంగిన లావా, పాత నదీ లోయలు పట్టుకుని వెయ్యి కిలోమీటర్ల దాకా పారి ఇక్కడికి చేరిందని శాస్త్రవేత్తల అంచనా. ప్రపంచంలోనే అతి పొడవైన లావా ప్రవాహాల్లో దీన్ని లెక్కిస్తారు. అంతకన్నా నన్ను ఊపేసే విషయం వేరే ఉంది. ఆ క్వారీ గోడల్లో రెండు నల్లరాతి పొరల మధ్య పాలిపోయిన రంగులో ఒక పొర కనిపిస్తుంది. సున్నపురాయి, బంకమన్ను, మధ్యలో ఆల్చిప్పలు. కింది లావా చల్లారాక, పై లావా రాకముందు సముద్రం ఇక్కడికి వచ్చి వెళ్లిన ఆనవాలు అది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ పొరలో సముద్రపు చిరుజీవుల గుల్లలు బయటపడతాయి. డైనోసార్లు అంతరించిన వెంటనే, భూమి మీద ఎటు చూసినా చావే కనిపించిన రోజుల్లో, సముద్రంలో ముందుగా తేరుకున్న ప్రాణులవి. భూమి చరిత్రలో అంత పెద్ద మలుపు రాజమండ్రి నుంచి సిటీ బస్సు దూరంలో ఉంది!

విదేశాల వాళ్లు ఆ పొర కోసం విమానాలెక్కి వచ్చి, నమూనాలు పట్టుకెళ్లి పరిశోధన పత్రాలు రాశారు. క్వారీ వ్యాపారికి అది అడ్డం వచ్చే మట్టి. దాన్ని పక్కకు నెట్టి, పైనా కిందా ఉన్న నల్లరాయిని క్రషర్‌లో చిప్స్ కొట్టించి డెల్టా రోడ్లకు పంపుతాడు. క్వారీని తిట్టడం లేదు. తవ్వకపోతే ఆ పొర బయటపడేదే కాదు. కానీ ఒక్క గోడనైనా అలా వదిలేసి, ముందు ఒక బోర్డు పెట్టి, మన బడిపిల్లలను తీసుకెళ్లే పని ఎవరికీ తోచలేదు.

ఇదే నల్లరాయి చమురు బావులు తవ్వినప్పుడు డెల్టా కింద కిలోమీటర్ల లోతులో తగిలింది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ శిలావరుసకు ‘రాజోలు ఫార్మేషన్’ అని పేరు పెట్టారు. తమ ఊరి పేరుతో లోకానికి తెలిసిన రాయి ఒకటి ఉందని రాజోలు సెంటర్లో ఎంతమందికి తెలుసు?

కాటన్ విగ్రహానికి దండ వేయని ఊరు ఇక్కడ లేదు. ఆయన ఆనకట్టకు ధవళేశ్వరాన్ని ఎంచుకున్న కారణాల్లో పక్కనే కొండరాయి దొరకడం ఒకటి. ఆ రాయిని మోయడానికి 1840లలోనే అక్కడ పట్టాలు వేయించాడు. దేశంలో తొలి పట్టాల దారుల్లో అదొకటి. అంటే ఈ డెల్టా అన్నం తినడం మొదలుపెట్టింది ఒక రాతి లెక్కతో. దండలు వేస్తున్నాం, లెక్క మరిచాం.

మరిచిన లెక్కకు మూల్యం తీరంలో కడుతున్నాం. ఒండ్రు నేల తన బరువుకు తానే అణగుతుంది. పైన ఏటా కొత్త మట్టి పడుతుంటేనే మట్టం నిలుస్తుంది. 1970లలో గోదావరి ఏటా దాదాపు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. ఈ శతాబ్దం మొదటికి అది ఆరు కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. మిగతాది పై జలాశయాల్లో కూర్చుంది. వచ్చిన కాస్త ఇసుకనూ ఏటి ఒడ్డు ర్యాంపుల్లో తవ్వి లారీలకు ఎత్తుతున్నాం. కొబ్బరిచెట్లు వేళ్లతో సహా అలల్లోకి ఒరిగితే సముద్రానికి కోపం వచ్చిందంటాం. తర్వాత రాతిగోడ కట్టమని మంత్రికి వినతిపత్రం ఇస్తాం. ఏ మట్టి ఎక్కడ ఆగిందో, గోడ కడితే పక్క ఊరి ఒడ్డు ఎంత తెగుతుందో అడిగే మనిషి ఆ సభలో ఉండడు.

గ్యాస్ సంగతీ అంతే. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. ఆ మంటను చూసిన తరం ఇంకా ఉంది. గ్యాస్ తీస్తే నేల కుంగుతుందా లేదా అని అప్పటినుంచీ టీ దుకాణాల్లో వాదించుకుంటున్నాం. ఒకరు కుంగిపోయిందంటారు, ఒకరు పుకారంటారు. ఇద్దరి చేతుల్లోనూ కొలత లేదు. కొలిచేవాళ్లు వేరే ఊళ్లలో ఉంటారు, కొలత వాళ్ల దగ్గరే ఉంటుంది.

జియాలజీ చదివితే ఉద్యోగాలేవీ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సర్వే సంస్థల్లో ఖాళీలు కొద్ది, కేంద్ర పరీక్షలో పోటీ ఎక్కువ, ఊళ్లు పట్టుకు తిరిగే కొలువు. కాదనను. కానీ ఇంటికొక జియాలజిస్టు కావాలని నేను అనడం లేదు. మండలానికొకరు చాలు. బోరు ఎక్కడ దించాలో, చెరువు ఎక్కడ తవ్వకూడదో, ర్యాంపు ఎంత లోతుకు మించకూడదో చెప్పే పని ప్రతి మండలంలోనూ ఉంది. ఆ పనికి జీతం లేకపోవడం చదువు తప్పా?

నా అసలు బాధ ఇంకోటి. ఈ శాస్త్రానికి కావలసిన మాటలన్నీ మన నోట ఉన్నా, ఆ మాటలతో దాన్ని మన చేత ఎవరూ చదివించలేదు. మెరక, పల్లం, లంక, తిప్ప, పర్ర, చవుడు, మొగ, ఉప్పుటేరు, ఒండ్రు. ఇవి ఏ పరిభాషా సంఘమూ కూర్చుని తయారుచేసినవి కావు. తీరానికి దగ్గరి ఊళ్లలో ఇళ్లూ కొబ్బరితోటలూ వరసగా ఇసుక మెరకల మీద, వరిచేలు వాటి మధ్య పల్లంలో ఎందుకున్నాయో గమనించండి. ఆ మెరకలు ఒకప్పటి సముద్రపు ఒడ్లు. ఒక్కో మెరక దాటి సముద్రం వెనక్కి జరిగిన కొద్దీ డెల్టా ముందుకు నడిచింది. వేల ఏళ్ల ఆ కథను మన ముసలివాళ్లు ‘మెరక చేను, పల్లం చేను’ అనే రెండు మాటల్లో పట్టారు. దాన్నే పాఠ్యపుస్తకం నోరు తిరగని సంస్కృతంలోకి మార్చి, కళాశాల ఇంగ్లిషులోకి మార్చి, పిల్లవాడికి తన పొలాన్నే పరాయిది చేసింది. భూగర్భ శాస్త్రం తెలుగులో చెప్పడానికి మాటలు లేవనే పండితుడు ఒక్కసారి మా ఊరి బోరు మేస్త్రీ దగ్గర కూర్చోవాలి.

ఆయన చదివింది ఐదో తరగతి. పైపు దించుతూ, పైకి వచ్చిన బురదను రెండు వేళ్ల మధ్య నలిపి ‘జిగురు’, ‘సన్నిసుక’, ‘గుల్లిసుక’ అని చెబుతాడు. గుల్లిసుక, అంటే గుల్లలు కలిసిన ఇసుక, తగిలితే ముఖం చిట్లిస్తాడు. పాత సముద్రపు నీరు ఆ పొరలో ఇంకా నిలిచి ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, నీళ్లు నాలిక మీద వేసుకుని తెలుసుకున్నాడు. దించిన ప్రతి బోరునూ ఒక పాత అకౌంటు పుస్తకంలో రాసుకున్నాడు. ఎవరి పెరడు, ఎన్ని అడుగులకు ఏ మట్టి, నీళ్లు తీపా ఉప్పా. ముప్పై ఏళ్ల లెక్క. పోయిన సంక్రాంతికి అడిగి తీసుకుని చూశాను. మొదటి పేజీల్లో ‘తీపి’ అన్న మాటే వరసగా ఉంది. చివరి పేజీల్లో రెండు మూడు బోర్లకొకసారి ‘ఉప్పు, పైపు పీకేశాం’ అని రాసి ఉంది. ఈ పుస్తకం కోసం ఎవరైనా వచ్చారా అని అడిగాను. సిమెంటు కొట్టు వాళ్లు పాత బాకీ చూసుకోవడానికి ఒకసారి పట్టుకెళ్లారట.