లేజర్ తగిలితే శుక్లం కరిగిపోతుందా?

"శుక్లానికి ఇక కత్తి అక్కర్లేదు. లేజర్‌తో కరిగిపోతుంది. పాత ఆపరేషన్ కన్నా చూపు బాగా వస్తుంది, ప్రమాదం లేదు, కళ్లజోడు పోతుంది, శుక్లం మళ్లీ రాదు." ఫోన్లలో తెగ తిరుగుతున్న ఈ సందేశంలో నిజం పాలు చాలా తక్కువ.

ముందు కరగడం సంగతి. శుక్లం ఆపరేషన్లో వాడే ఫెమ్టోసెకండ్ లేజర్ (అతి తక్కువ వ్యవధి కాంతి మెరుపులతో కోసేది) కార్నియా, అంటే కంటి ముందున్న పారదర్శక పొర అంచున కోత పెడుతుంది, లెన్స్‌ను కప్పిన పొరలో ముందువైపు గుండ్రని రంధ్రం చేస్తుంది, మసకబారిన లెన్స్‌ను ముక్కలు చేస్తుంది. అక్కడితో దాని పని సరి. ఆ ముక్కలు ఆవిరైపోవు. సర్జన్ సన్నని ఫేకో గొట్టాన్ని (అల్ట్రాసౌండ్ కంపనాలతో లెన్స్‌ను నలిపి పీల్చే పరికరం) కంట్లోకి పంపి వాటిని పీల్చివేయాలి, కృత్రిమ లెన్స్‌ను చేత్తో అమర్చాలి. 1967లో అమెరికా కంటి వైద్యుడు చార్లెస్ కెల్మన్ మొదలుపెట్టిన ఈ ఫేకో పద్ధతే ఇక్కడ "పాత ఆపరేషన్". అందులో ఇప్పుడు కోత మూడు మిల్లీమీటర్ల లోపే, సాధారణంగా కుట్టు కూడా పడదు. ఇంతకీ పాతబడిందేమిటో!

ఇక చూపు. బ్రిటన్‌లో 785 మందిపై జరిగిన ఫ్యాక్ట్ అధ్యయనం 2020లో వెలువడింది. మూడు నెలల తర్వాత లేజర్‌తో చేయించుకున్నవారి చూపులో, మామూలు ఫేకో చేయించుకున్నవారి చూపులో చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే ఏడాది వచ్చిన ఫ్రాన్స్ అధ్యయనం ఫెమ్‌క్యాట్ కూడా లేజర్‌దే పైచేయి అని తేల్చలేకపోయింది, పైగా ఖర్చు ఎక్కువని చెప్పింది. లేజర్ చేసే రంధ్రం చేత్తో చేసినదాని కన్నా గుండ్రంగా వస్తుంది, నిజమే. అయితే ఆ గుండ్రదనం చూపు పట్టికలో మరో వరుసను చదివించడం లేదు.

కళ్లజోడు పోవడం, పోకపోవడం ఎంచుకున్న లెన్స్ రకం మీద, కంటి కొలతల మీద ఆధారపడుతుంది.

తీసేసిన శుక్లం ఏ పద్ధతిలోనూ తిరిగి రాదు. కొందరికి కృత్రిమ లెన్స్ వెనుక పొర మసకబారుతుంది. దాన్ని తొలగించేది యాగ్ లేజర్, అది పూర్తిగా వేరే యంత్రం. సందేశం రాసినవారు రెండింటినీ కలిపేసినట్టున్నారు.

ప్రమాదం లేదనడమూ తప్పే. లేజర్ తర్వాత కనుపాప కుంచించుకుపోయి మిగతా ఆపరేషన్ కష్టం కావచ్చు. కార్నియాపై మచ్చలున్నా, కనుపాప సరిగా విప్పారకపోయినా లేజర్ కుదరకపోవచ్చు.

గట్టిపడిన శుక్లంలో మాత్రం లేజర్ వల్ల అల్ట్రాసౌండ్ వాడకం తగ్గుతుంది. అల్ట్రాసౌండ్ కార్నియా లోపలి కణాలను దెబ్బతీయగలదు, అందుకే ఆ కణాలు తక్కువగా ఉన్నవారికి కొందరు సర్జన్లు దీన్ని సూచిస్తారు. మీ కంటికి అలాంటి కారణం ఉందేమో డబ్బు కట్టేముందు సర్జన్‌నే అడగండి.