ఐసు పెట్టెలో వెళ్ళిన రక్తం, ఆరు మచ్చల లెక్క

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు వాట్సాప్ గ్రూపుల్లో టీబీ రక్తపరీక్షల గురించి ఒక మాట తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: టీబీ గోల్డ్, ఎలిస్పాట్ రెండూ ఒకటే, ఏది పాజిటివ్ వచ్చినా టీబీ ఉన్నట్టే, మందులు మొదలుపెట్టాలి, ఎలిస్పాట్ రిపోర్టులో మచ్చలు ఎన్ని ఎక్కువుంటే జబ్బు అంత ముదిరినట్టు, బీసీజీ టీకా వేసుకున్నవాళ్ళకి ఈ పరీక్ష దండగ, పైగా 2012లో దీన్ని నిషేధించారు, రక్తం తీసి ఐసు పెట్టెలో పెడితే మర్నాడు చెన్నై చేరినా ఇబ్బంది లేదు.

చివరి మాట నుంచి మొదలుపెడదాం. ఎక్కువ రిపోర్టులు చెడేది అక్కడే.

థైరాయిడ్ పరీక్షకు పంపే రక్తంలో కణాలు చచ్చిపోయినా నష్టం లేదు, కొలిచేది సీరంలో ఉంటుంది. ఎలిస్పాట్‌లో కొలిచేది బతికున్న టీ కణాలు (రోగనిరోధక తెల్లకణాలు) చేసే పని. చెరువులో పట్టిన రొయ్యను ఐసులో వేసి పంపుతాం. హేచరీ సీడును మాత్రం ఆక్సిజన్ నింపిన కవర్లలో పంపుతాం, ప్రాణంతో చేరాలి కాబట్టి. ఈ రక్తం సీడు లాంటిది. హెపారిన్ ట్యూబులోకి తీసి, 18–25 డిగ్రీల మధ్య ఉంచి, 8 గంటల్లోపు కణాలు వేరుచేయాలి. అంతకు మించితే టీ-సెల్ ఎక్స్‌టెండ్ లాంటి కారకం కలపాల్సిందే. ఫ్రిజ్ వద్దు, ఐసు వద్దు. అలాగని రోహిణి కార్తెలో బైకు డిక్కీలో పెట్టినా అంతే సంగతులు.

చల్లబడిన రక్తంలో ఏమవుతుంది? కణాలను వేరుచేసే ఫైకాల్ ద్రవం మీద పోసి తిప్పినప్పుడు అడుక్కి పోవాల్సిన గ్రాన్యులోసైట్లు (మరో రకం తెల్లకణాలు) సాంద్రత మారి, టీ కణాలుండే లింఫోసైట్ల పొరలోకి వచ్చి చేరతాయి. అప్పుడు మనం లెక్కపెట్టిన రెండున్నర లక్షల కణాల్లో కొంత తాలు. పైగా అవి టీ కణాల పనికి అడ్డుపడతాయి. పరీక్ష సరిగా నడిచిందో లేదో చూపే కంట్రోలు బావి (ప్లేటులోని చిన్న గుంట) పూర్తిగా పడిపోతే నయమే, పరీక్ష చెల్లదని తెలిసిపోతుంది. కంట్రోలు ఎలాగో గట్టెక్కి, టీబీ బావుల్లో మాత్రం మచ్చలు రెండు మూడు తగ్గితేనే ప్రమాదం: చూడ్డానికి చక్కని నెగటివ్ రిపోర్టు, లోపల తప్పు.

ఐసు అలవాటు బహుశా టీబీ గోల్డ్ నుంచి వచ్చి ఉంటుంది. ఆ పరీక్షలో రక్తాన్ని నాలుగు ట్యూబుల్లోకి ఒక్కో మిల్లీలీటరు తీస్తారు: మూతలు బూడిద, ఆకుపచ్చ, పసుపు, ఊదా. లోపలి గోడ అంతా రక్తం తడిసేలా పదిసార్లు తిప్పి, 16 గంటల్లోపు 37 డిగ్రీల ఇంక్యుబేటరులో నిలువుగా పెట్టి, 16 నుంచి 24 గంటలు ఉంచుతారు. అంతవరకూ చలి తగలకూడదు. ఆ తర్వాత కణాల పని అయిపోయినట్టే. క్రిమిని గుర్తుపట్టినప్పుడు అవి వదిలే ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థం ప్లాస్మాలో ఉంటుంది. అప్పుడు 4–27 డిగ్రీల మధ్య మూడు రోజుల దాకా ఆగొచ్చు, గడ్డకట్టనివ్వకుండా చల్లటి పెట్టెలో పంపొచ్చు. కాబట్టి ఒంగోలులో ఇంక్యుబేటరు ఉన్న ల్యాబుకు టీబీ గోల్డే సులువు.

రెండూ ఒకటి కావని ఇక్కడే తేలిపోయింది. టీబీ గోల్డ్ కణాలన్నీ కలిసి వదిలిన ఇంటర్‌ఫెరాన్ మొత్తాన్ని ఎలిసా అనే ల్యాబు పద్ధతితో కొలుస్తుంది. పాజిటివ్ గీత మిల్లీలీటరుకు 0.35 యూనిట్లు. ఎలిస్పాట్ వదిలిన కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. బావి అడుగున ఉన్న పొరకు ఇంటర్‌ఫెరాన్‌ను పట్టుకునే యాంటీబాడీ పూసి ఉంటుంది. కణం వదిలింది వదిలినచోటే అంటుకుంటుంది. మర్నాడు కణాలను కడిగేసి, రంగు తెప్పిస్తే ముదురు నీలం మచ్చ. ఒక మచ్చ, ఒక కణం.

ఇక మచ్చలు ఎక్కువైతే జబ్బు ముదిరిందనే మాట. ఎలిస్పాట్ చేసే టీ-స్పాట్ కిట్టులో ఒక్కో రోగికి నాలుగు బావులు: ఖాళీ కంట్రోలు, టీబీ క్రిమి ప్రోటీన్లైన ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 వేసిన రెండు, పాజిటివ్ కంట్రోలు. బావికి రెండున్నర లక్షల కణాలు. రెండు టీబీ బావుల్లో ఏ ఒక్కదాంట్లోనైనా, ఖాళీ బావి మచ్చలు తీసేయగా 6 మిగిలితే పాజిటివ్. ఆరైనా అరవై అయినా అర్థం ఒకటే: ఈ కణాలు టీబీ క్రిమిని ఎరుగుదుమంటున్నాయి. ఎంత ముదిరిందో అవి చెప్పవు. హెచ్ఐవీతో రోగనిరోధకత పడిపోయిన మనిషిలో ఊపిరితిత్తులు దెబ్బతిని ఉన్నా మచ్చలు రాకపోవచ్చు. మందులు వాడాక కూడా మచ్చలు నమ్మకంగా తగ్గవు, కాబట్టి చికిత్స పనిచేస్తోందా అని చూడటానికీ పనికిరావు.

పైగా ఆ సంఖ్య చేతి పనిని బట్టి కదులుతుంది. చచ్చిన కణాలకు రంగు పట్టించే ట్రిపాన్ బ్లూతో వాటిని ఏరకుండా లెక్కేస్తే మచ్చలు తగ్గుతాయి. రాత్రి మధ్యలో ఇంక్యుబేటరు తలుపు తీసి ప్లేటు జరిపితే గుండ్రటి మచ్చకు బదులు తోకచుక్కలొస్తాయి. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేరిస్తే అంచు బావులకూ మధ్య బావులకూ వేడి తేడా. పిపెట్ మొన పొరను గీరితే ఆ గీత మచ్చలా కనిపిస్తుంది. పొర పూర్తిగా ఆరకముందే లెక్కపెడితే వెనకరంగులో లేత మచ్చలు కలిసిపోతాయి.

పాజిటివ్ అంటే టీబీ జబ్బేనా? కాదు. క్రిమి సోకిందని మాత్రమే. మన దేశంలో 2019–21 జాతీయ సర్వేలో 15 ఏళ్ళు దాటినవాళ్ళలో 31 శాతం మందికి సోకి ఉన్నట్టు తేలింది. సోకినవాళ్ళలో జీవితకాలంలో జబ్బు పడేది వందకు ఐదు నుంచి పది మంది. మనలాంటి దేశాల్లో జబ్బును తేల్చడానికి ఈ పరీక్ష వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చెప్పింది. జబ్బు తేల్చేది తెమడ పరీక్ష, క్రిమి జన్యువును వెతికే ట్రూనాట్ లేదా సీబీనాట్, ఎక్స్‌రే. జబ్బు లేదని రూఢి అయ్యాకే నివారణ మందు, ఉదాహరణకు వారానికొకసారి చొప్పున 12 మోతాదులు. తారుమారైతే రెండువైపులా నష్టం: సోకినవాడికి పూర్తి చికిత్స ఇస్తే కాలేయం మీద అనవసర భారం, జబ్బున్నవాడికి నివారణ మందు ఇస్తే క్రిమి మందుకు లొంగకుండా తయారవుతుంది.

బీసీజీ సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 బీసీజీ క్రిమిలో లేవు. టీకా వల్ల తికమకపడేది పాత మాంటూ చర్మపరీక్ష. 2012లో నిషేధించింది కూడా ఈ పరీక్షను కాదు, రక్తంలో టీబీ యాంటీబాడీలు వెతికే కిట్లను.

రిపోర్టు చేతికొచ్చినప్పుడు పాజిటివ్, నెగటివ్ అన్న మాటతో ఊరుకోకుండా నాలుగు బావుల సంఖ్యలూ, రక్తం తీసిన సమయం, కణాలు వేరుచేసిన సమయం అడగండి. ఖాళీ బావిలో మచ్చలు 10 దాటితే ఆ పరీక్ష చెల్లదు. పాజిటివ్ కంట్రోలులో 20 కూడా రాకుండా టీబీ బావులు నెగటివ్‌గా ఉంటే అదీ చెల్లదు. టీబీ బావుల లెక్క 5, 6, 7 దగ్గర ఊగుతుంటే పాత ట్యూబునే మళ్ళీ వాడకుండా కొత్తగా రక్తం తీయించండి.