బడి బోర్డు: ఒక తీవ్రమైన ప్రజాభద్రతా సమస్య

హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకోవడం కంటే బడికి బోర్డు కట్టుకోవడమే కష్టమని కొందరు గొణుగుతున్నారు. గొణగనివ్వండి. ఇల్లు కడితే ఒక కుటుంబమే లోపలికి పోతుంది. బోర్డు పెడితే దారిన పోయే ప్రతివాడూ చదువుతాడు. ఏది ఎక్కువ ప్రమాదమో మీరే చెప్పండి.

ఈ సంగతి చట్టానికీ తెలిసినట్టే ఉంది. 2020లో వచ్చిన ఇళ్ల అనుమతుల చట్టం టీఎస్‌-బీపాస్‌ ప్రకారం 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన జీవో 68 మాత్రం ప్రకటన బోర్డులు నేల నుంచి 15 అడుగులు దాటి లేవకూడదంది. ఈదురుగాలికి హోర్డింగులు విరిగిపడ్డ ఊళ్లో అది సబబే. ఇందులో వెటకారం లేదు.

ఇప్పుడు ఏదో ఒక బస్తీలో సర్కారు బడి ఉందనుకుందాం. జూన్‌ 12న బడులు తెరుస్తారు. బడిబాటలో పిల్లల్ని చేర్పించమని పైనుంచి ఒత్తిడి. ఇంటింటికీ తిరిగే టీచరమ్మను అందరూ అడిగేది ఒకటే: "ఇక్కడ బడి ఉందా మేడం?" తుప్పు పట్టిన పాత రేకు తీసేసి కొత్త బోర్డు పెట్టిద్దామని హెడ్మాస్టరుగారు దరఖాస్తు చేశారు. అక్కడే దెబ్బతిన్నారు. అడక్కుండా పెట్టేసి ఉంటే ఎవరి కంటా పడేది కాదు.

"మంచిగనే ఉంది సార్, గానీ..." అంటాడు క్లర్కు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి. "ఇది పేరా, ప్రకటనా?"

"పేరే బాబూ. బడి పేరు."

"మరి కింద ఉచిత పుస్తకాలు, మధ్యాహ్న భోజనం అని రాసిన్రు గదా. అది ఆఫర్‌ అయితది. ఆఫర్‌ ఉంటే ప్రకటనే."

ఎంత లోతైన పరిశీలన! మెయిన్‌రోడ్డు మీద నాలుగంతస్తుల అద్దాలకు ఐఐటీ ఫౌండేషన్‌ అని అతికించుకుంటే అది పేరు. అన్నం పెడతామంటే ప్రకటన.

ఇక భాషల సంగతి. తెలుగు పైన ఉండాలి. ఇంగ్లిష్‌ లేకపోతే తల్లిదండ్రులు రారు. ఉర్దూ 2017 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష, అదీ ఉండాలి. వీటి కింద ప్రతి బడికీ సర్కారు ఇచ్చే 11 అంకెల గుర్తింపు సంఖ్య, యూడైస్‌ కోడ్‌. నాలుగడుగుల రేకు మీద ఇన్ని ఇరికించేసరికి అక్షరాలు చీమల బారులా తయారయ్యాయి. "పేరు తీసేస్తే మంచిగ సెట్‌ అయితది సార్‌" అని పెయింటరు సలహా.

చోటు దొరకడం ఇంకో కథ. గేటుకు ఎడమవైపు ట్రాన్స్‌ఫార్మర్‌, కుడివైపు చాట్‌ బండి, నెత్తిమీద స్తంభం నుంచి వేలాడే కేబుల్‌ తీగలు. వీటన్నిటినీ తప్పించుకుని, 15 అడుగుల లోపు, రోడ్డుకు కనబడేలా మిగిలింది బాత్రూం గోడ ఒక్కటే. కొలతకు వచ్చిన ఇంజనీరుగారు ఇనుప ఫ్రేమును తట్టి చూశారు, బోల్టులు లెక్కపెట్టారు, స్టెబిలిటీ సర్టిఫికెట్‌ అడిగారు. అదే గోడకు పైనుంచి కిందిదాకా పాకిన బీటను టీచరమ్మ చూపిస్తే, "అది మా సెక్షన్‌ కాదమ్మా" అన్నారు.

"గోడ కూలితే బోర్డూ పడుతుంది కదా సార్‌?"

"అందుకే కదమ్మా, బోర్డు వద్దంటున్నది."

పిల్లలు ఆ గోడ పక్కనే క్యూ కడతారు. వాళ్లకు సర్టిఫికెట్‌ అక్కర్లేదు.

ఫైలు తిరుగుతుండగానే సెప్టెంబరు వచ్చింది. ఒకరోజు తెల్లారేసరికి గేటుకు ఫ్లెక్సీ. అన్న పుట్టినరోజు! దాని ఎత్తు ఎవరూ కొలవలేదు. అన్న ఎత్తును టేపుతో కొలిచేంత సంస్కారహీనులం కాము. ఫ్లెక్సీలకు మన ఊళ్లో ఈ-చలానాలు వేస్తారు, కాదనను. చలానా చేరేసరికి కేకు కోయడం, పంచడం, మూతులు తుడుచుకోవడం కూడా అయిపోతుంది. ఒక మేలు మాత్రం జరిగింది. ఇన్నాళ్లకు బడికి చిరునామా దొరికింది: "అన్న ఫ్లెక్సీ ఎన్కనే."

కనుక నాదొక మనవి. ఫ్లెక్సీలో అన్న భుజాల మీద చిన్న అన్నలుంటారు, వాళ్ల కింద స్టాంపు సైజులో తమ్ముళ్ల వరుస. ఆ వరుస చివర హెడ్మాస్టరుగారి ఫొటో ఒకటి వేయించాలి, చేతులు జోడించి, నల్ల కళ్లద్దాలతో. కింద "శుభాకాంక్షలతో, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. ఒకటో తరగతిలో ప్రవేశాలు జరుగుచున్నవి" అని రాయిస్తే పేరా, ప్రకటనా అని అడిగే నాథుడు ఉండడు.

ఒక్కటే చిక్కు. ప్రవేశాలు జూన్‌లో, అన్న పుట్టింది సెప్టెంబరులో. పుట్టినరోజును మూడు నెలలు ముందుకు జరపమని అన్నకే ఒక దరఖాస్తు పెట్టుకుంటే సరి. బోర్డు ఫైలు కంటే అదే ముందు తేలుతుంది.